ఎవరిదీ కాని భాష
(పదకొండో వారం)

పోయిన వారం నేను ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. బేసింగ్‌స్టోక్‌లో ఎలియా దొరికాడని, ఇక గట్టెక్కామని, చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేశాను. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ సుందరమ్మ ఊరికే అనలేదు.

ఎలియా అంటే ఆఫ్రికాలో లుంబేరా దేశంలో మా కర్నల్ సదాశివం బాబాయ్ కట్టిన సైనిక విద్యాలయంలో చదువుకున్న కుర్రాడు. ఇప్పుడు కుర్రాడు కాదు, బట్టతల తాత. సొలిసిటర్ ఆఫీసులో కుర్చీలు పక్కకి జరిపించి, మధ్యలో నిటారుగా నిలబడి, "ఎడమ, కుడి, ఎడమ, వెనక్కి తిరుగు" అని తెలుగులో అరిచి చూపించాడు. మాకందరికీ కవాతు ఈ భాషలోనే నేర్పారని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. ఆ సంతకం కోసం మేము ఎనిమిది నెలలు తిరిగాం.

ఎందుకు తిరిగామంటే, 1984లో కిసోకా అనే పల్లెలో ముప్ఫై ఒక్క మందిని వరసగా నిలబెట్టి కాల్చేశారు. అటక మీద దాక్కుని ప్రాణం దక్కించుకున్న ఒక పిల్ల, ఇప్పుడు నలభై ఆరేళ్ళ మనిషి, ఆ రోజు విన్న ఆజ్ఞని విన్నది విన్నట్టు పలికితే టేపు చేశారు. ఆ టేపు మేమూ విన్నాం. ఒకటి, రెండు, మూడు, కాల్చు. ఆ దేశంలో తెలుగువాడెవడు? సదాశివం. కాబట్టి ఆయన్ని మాకు అప్పగించండి, మేం విచారించుకుంటాం అంటోంది అక్కడి కొత్త ప్రభుత్వం. తెలుగు మాటలు అక్కడి కుర్రాళ్ళందరికీ వచ్చని ఎలియా చెప్తే ఆ వాదన నిలవదని మా ఆశ. సోమవారం పొద్దున పదింటికి లండన్‌లో కోర్టు. ఆ లోపల బాబాయ్ వాంగ్మూలం తయారు కావాలి. కాకపోతే డెబ్భై ఆరేళ్ళ మనిషిని, ఎడమ చెయ్యి పనిచెయ్యని మనిషిని, విమానం ఎక్కించి అక్కడి జైలుకి పంపిస్తారు. వెళ్ళాడంటే ఆయన మళ్ళీ రాడు.

అదీ సంగతి. ఇక ఈ శనివారానికి వస్తాను.

నార్తాంప్టన్‌లో బాబాయ్‌కి కౌన్సిల్ వాళ్ళిచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. పదింటికి సొలిసిటర్ మిస్ హార్‌గ్రేవ్ వస్తానంది. ఆ పూట నాకు హాస్పిటల్లో లాంగ్ డే, పన్నెండు గంటల డ్యూటీ. రోటాలో పేరు మార్పించుకోవడానికి తోటి నర్సు జయలక్ష్మిని బతిమాలి, ఆవిడ క్రిస్మస్ డ్యూటీ నా నెత్తినేసుకుని వచ్చాను. మా అమ్మాయి జెస్లిన్ కేంబ్రిడ్జ్ నుంచి ముందు రోజే దిగింది. లా రెండో ఏడు చదువుతోంది. ఈ సొలిసిటర్ని పట్టుకుందీ, ఎలియాని వెతికిందీ, కాగితాలన్నీ తేదీల వారీగా సర్దిందీ అదే. తాతయ్య తాతయ్య అంటూ ఆయన చుట్టూ తిరుగుతుంది. తెలుగు ముక్క ముక్కా అర్థమవుతుంది దానికి. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

పది కొట్టేసరికి దుబాసీ వచ్చాడు. బాబాయ్‌కి రెండేళ్ళ కిందట స్ట్రోక్ వచ్చి మాట పోయింది. మూడు నెలల తర్వాత మాట వచ్చింది గానీ ఇంగ్లీషు రాలేదు. నలభై ఏళ్ళు నాలుగు దేశాల వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడిన మనిషికి మిగిలింది చిన్నప్పటి పార్వతీపురం తెలుగు. ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, నోట్లోంచి ఊడిపడదు. అందుకని తర్జుమా ఏజెన్సీ నుంచి దుబాసీని పిలిపించారు. ఆయన లోపలికి వచ్చి, కోటు విప్పి, బాబాయ్ ముందు కూర్చుని వినయంగా నమస్కారం చేసి తమిళంలో మొదలుపెట్టాడు. బాబాయ్ ఆయన వంక, ఆయన బాబాయ్ వంక చూసుకున్నారు. ఫారంలో సౌత్ ఇండియన్ అని రాసి పంపారట ఏజెన్సీ వాళ్ళు. దాని ప్రకారం తమిళమూ ఒకటే, తెలుగూ ఒకటే. పాపం ఆయన తప్పేం లేదు, టీ తాగి, కారు పార్కింగు టైము అయిపోతోందని వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో కోర్టు, వాంగ్మూలంలో ఒక్క వాక్యం లేదు. నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఈ పూటకి చిత్తు ప్రతి రాసుకుంటాను, మీరే తర్జుమా చెయ్యండి, ఆదివారం సరైన దుబాసీ చేత సరిచూపిద్దాం అంది మిస్ హార్‌గ్రేవ్. సరేనన్నాను. వార్డులో మన ముసలివాళ్ళ మాటలు డాక్టర్లకి చెప్పడం నాకు రోజూ ఉండే పనే. కడుపులో తిప్పుతోందంటే ఏమిటో, కాళ్ళు పీకుతున్నాయంటే ఏమిటో చెప్పినంత సులువుగా ఇదీ చెప్పెయ్యొచ్చనుకున్నాను.

ఆయన మాట్లాడితే కదా చెప్పడానికి. ఆ వారం మీరెక్కడున్నారు అని అడిగితే గుర్తు లేదన్నాడు. ఆ పల్లె పేరు ఎప్పుడు విన్నారు అంటే టీలో పంచదార తక్కువైందన్నాడు. మీ మీద పై అధికారి ఎవరు అంటే కర్టెన్ వెయ్యి, కళ్ళలో ఎండ పడుతోంది అన్నాడు. అక్టోబరు నెలలో నార్తాంప్టన్‌లో ఎండ! నేను ఆ ముక్కలన్నీ కాస్త మర్యాదగా మార్చి ఆవిడకి చెప్తున్నాను. ఆవిడ రాసుకుంటోంది, కొట్టేస్తోంది. గంటన్నర అలాగే గడిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని చివరికి జెస్లిన్‌తో అంటే, అది తల అడ్డంగా ఊపి, ఆయనకి అన్నీ గుర్తున్నాయి మమ్, చెప్పడం ఇష్టం లేదంతే అంది.

అది నాకూ తెలుసు. ఈ మనిషి మొండితనం నాకు కొత్తా? ఇండియన్ ఆర్మీలో కెప్టెన్‌గా ఉండి, 1969లో సెలవు మీద ఇంటికొచ్చి, శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల మీద జరుగుతున్నది చూసి, మళ్ళీ డ్యూటీలో చేరకుండా ఆ కొండలెక్కేసిన మనిషి. దళాలకి తుపాకీ పట్టడం నేర్పాడు. ఆయన కంపెనీలో హవల్దారు, మా నాన్న సత్యానందం. సార్ వెళ్ళాడని తెలిసి నాన్న కూడా బొబ్బిలి నుంచి కొండకి వెళ్ళిపోయాడు. దళాలు చెదిరిపోయాక ఇద్దరూ విశాఖ రేవులో సరుకు ఓడ ఎక్కి ఆఫ్రికా చేరారు. లుంబేరాలో అప్పటికి తెల్లవాళ్ళ మీద యుద్ధం నడుస్తోంది. ఇద్దరూ అందులో దిగారు. స్వతంత్రం వచ్చాక కొత్త ప్రభుత్వం బాబాయ్‌ని కర్నల్‌ని చేసి, పాడుబడిన కిత్తనార తోట ఒకటి చూపించి, ఇక్కడ మాకు ఆఫీసర్లని తయారుచెయ్యి అంది. ఇటుక కాల్చడం దగ్గర్నుంచి ఆయనే మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళు.

అమ్మా నేనూ అక్కడికి వెళ్ళేటప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆ కుర్రాళ్ళు ఏడు తెగల వాళ్ళు. ఒకరి భాషలో ఇంకొకరు ఆర్డరు తీసుకోరు. ఇంగ్లీషంటే తెల్లదొర కొరడా గుర్తొచ్చి కొందరు అసలు కదిలేవాళ్ళు కాదు. అప్పుడు బాబాయ్ ఒక మాట అన్నాడట. ఇక్కడ ఎవరిదీ కాని భాష ఒకటుంది, నాదీ ఉస్తాద్‌దీ, దాంతో నడిపిద్దాం అని. కవాతు నేర్పే నాన్నని ఆర్మీ పద్ధతిలో ఉస్తాద్ అనేవాడు ఆయన. అలా మూడు వందల మంది నల్ల కుర్రాళ్ళు తెలుగులో నడిచారు. తెల్లవారుజామున ఎడమ కుడి ఎడమ అని నాన్న గొంతు వినబడితే నాకు మెలకువ వచ్చేది. అంత గొంతు మళ్ళీ నేను ఎక్కడా వినలేదు.

పన్నెండు దాటాక మిస్ హార్‌గ్రేవ్ పెన్ను కింద పెట్టింది. అసలు నేను వచ్చింది దీని కోసం అని సంచిలోంచి ఎలియా వాంగ్మూలం తీసి నాలుగో పేజీ నా ముందు పెట్టింది. మీ సాక్షి మంచి మనసుతో అన్నీ చెప్పాడు, కొంచెం ఎక్కువే చెప్పాడు అంది.

చదివాను. కర్నల్ సార్ చాలా జాగ్రత్త గల మనిషి అని మెచ్చుకుంటూ మొదలుపెట్టాడు ఎలియా. కవాతు వరకే ఆ భాష. రైఫిల్ చేతిలోకి వస్తే ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినబడకూడదు. ఫైరింగ్ రేంజ్‌లో ఒకసారి ఒక కుర్రాడు ఏదో వినబడి ఇంకేదో చేసి తోటివాడి భుజంలో కాల్చాడట. అప్పట్నుంచి సార్ ఆ నియమం పెట్టారు, తప్పితే ఇంటికి పంపించేసేవారు. అందుకే మాలో ఎవరికీ ఆ భాషలో తుపాకీ మాటలు రావు. అని రాసి, కింద పెద్ద అక్షరాలతో సంతకం.

రెండోసారి చదివాక గానీ నాకు అర్థం కాలేదు. కవాతు మాటలు అందరికీ వచ్చు. ఒకటి, రెండు, మూడు అందరికీ వచ్చు. కాల్చు అనే మాట ఆ మూడు వందల మందిలో ఒక్కడికి కూడా రాదు. కిసోకాలో ఆ పిల్ల విన్నది ఆ మాటే.

అవతలి లాయరు ఈ పేజీ చదవకుండా ఉంటాడా అని అడిగింది మిస్ హార్‌గ్రేవ్. ఆవిడ ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. ఆ మాట అన్నది ఎవరో కర్నల్‌కి తెలిసి ఉండాలి, నాకు నిజం తెలిస్తేనే నేను ఆయన్ని కాపాడగలను, అడగండి అంది.

నేను అడగలేదు. నాకు ఆ క్షణంలో అడగాల్సిన అవసరం కనబడలేదు. ఎనిమిది నెలలుగా సెలవులన్నీ తగలేసి, చర్చిలో అందరి ముందు మా బాబాయ్ నిర్దోషి అని చెప్పి, పిల్ల చదువు మధ్యలో రైళ్ళలో తిప్పి, ఇంతా చేసి నేను నెత్తిన పెట్టుకు తిరిగింది ఎవర్ని? కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ పూట నోరు జారింది.

"నువ్వే కదా బాబాయ్. ఇంకెవడున్నాడు అక్కడ తెలుగు వచ్చినోడు?"

ఆయన కిటికీ వంక తిరిగాడు. నాకు మరీ మండింది. ముప్ఫై రెండేళ్ళుగా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆ దేశం నుంచి మేము రెండు రోజుల్లో మూటాముల్లె సర్దుకుని ఎందుకు వచ్చెయ్యాల్సి వచ్చింది, నాకు లెక్కల పరీక్ష మధ్యలో ఆగిపోయింది, అమ్మ నానబోసిన మినప్పప్పు నానబోసినట్టే వదిలేసింది, నాన్నకి మలేరియా అని అబద్ధం చెప్పారు, ఒంటి మీద చెయ్యి వేస్తే జ్వరమే లేదు. బొబ్బిలి వచ్చాక ఆ గొంతు ఏమైపోయింది? చర్చిలో పెద్దగా ప్రార్థన చెయ్యమంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పద్నాలుగేళ్ళు గొణుక్కుంటూ బతికి పోయాడు. నువ్వు చేసిన పాపం చూసి నా తండ్రి కుమిలి చచ్చిపోయాడు. పోతూ పోతూ కూడా, సార్ ఇంగ్లండులో ఒంటరిగా ఉన్నారు, ఎప్పుడైనా వెళ్తే చూసుకో అన్నాడు. చూసుకుంటున్నాను, ఇంత చాకిరీ చేస్తున్నాను, నీకు నోరెత్తి నిజం చెప్పడానికి కూడా సిగ్గేనా అన్నాను.

జెస్లిన్ ల్యాప్‌టాప్ మూసేసింది. మిస్ హార్‌గ్రేవ్‌కి భాష రాకపోయినా సంగతి అర్థమై, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బాబాయ్ కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి ఒళ్ళోకి సర్దుకున్నాడు. నా ముఖం వంక చూశాడు. ఆ పూట మొదటిసారి సూటిగా చూశాడు.

"ఆ గొంతు నాది కాదు పుష్పా. ఉస్తాద్‌ది."

ముందు నాకు ఎక్కలేదు. ఆయన నోట ఉస్తాద్ అంటే ప్రపంచంలో ఒకే మనిషి. ఆ ఒక్క మనిషి పేరే నాకు తట్టలేదు. ఇంకెవడున్నాడు అని అరిచిన నోటికి, ఆ గొంతుతో రోజూ నిద్ర లేచిన చెవులకి, కన్నతండ్రి గుర్తుకు రాలేదు.

"నాను రాజధానిలో ఉన్నాను. మీ నాయన నలభై మంది కుర్రాళ్ళని రూట్ మార్చ్‌కి తీసికెళ్ళినాడు. దారిలో ఆర్మీవోళ్ళు ఆపి ఆ పల్లెకి తోలుకుపోయినారు. ఆళ్ళ మేజరు ఇంగ్లీషులో ఫైర్ అన్నాడు. మన కుర్రాళ్ళొక్కడూ కాల్చలేదు. నాలుగుసార్లు అన్నాడట. కాల్చలేదు. అప్పుడు మీ నాయన కణతకి పిస్తోలు ఎట్టి, ఈళ్ళు నీ మాటే ఇంటారట కదా, నువ్వు సెప్పు అన్నాడు."

బల్ల మీది నీళ్ళ వంక చూశాడు. నేను మంచినీళ్ళ గ్లాసు అందించాలి, అది నా పని, నా చెయ్యి లేవలేదు.

"ఆ మాట ఆళ్ళకి ఎవులూ నేర్పలేదు. ఉస్తాద్ గొంతు కదా. కాల్చీసినారు."

మర్నాడు మధ్యాహ్నం నాన్న వచ్చి ఆయన ఆఫీసు గదిలో నేల మీద కూర్చుని అంతా చెప్పాడట. నన్ను కూడా కాల్చెయ్యండి సార్ అన్నాడట. బాబాయ్ కాల్చలేదు, మా ముగ్గురికీ టిక్కెట్లు కొని విమానం ఎక్కించాడు. బయల్దేరే ముందు నాన్న ఆయన్ని అడిగింది ఒకటే. పుష్పకి తెలియకూడదు సార్, అని. బాబాయ్ మాటిచ్చాడు. ఆ తర్వాత పోలీసులడిగినా, కోర్టు అడిగినా, స్ట్రోక్ వచ్చి మతి చెదిరినా, ఆ మాట మీదే కూర్చున్నాడు.

"నువ్వే నన్ను అడుగుతున్నావు కాబట్టి నీకు సెప్పినాను. ఆవిడకి ఏటి సెప్తావో నీ ఇష్టం."

అని కుర్చీలో వెనక్కి వాలాడు. నా ఇష్టమట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పన్నెండేళ్ళ పిల్లకి తెలియకూడదన్న నాన్న మీదా? ఆ మాట పట్టుకుని జైలుకైనా పోతానని కూర్చున్న ఈయన మీదా? పోయినవాడి పరువునీ బతికున్నవాడి ప్రాణాన్నీ చెరో చేతిలో పెట్టి నీ ఇష్టం అనడమేమిటి?

చాలాసేపు మాట్లాడారు, ఏమంటున్నారు అని అడిగింది మిస్ హార్‌గ్రేవ్. పెన్ను చేతిలోకి తీసుకుంది.

ఒక్క వాక్యం చెప్తే చాలు. ఆజ్ఞ ఇచ్చింది హవల్దార్ సత్యానందం, ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది, కర్నల్ ఆ రోజు అక్కడ లేడు. అంతే. బాబాయ్ బతికినన్నాళ్ళు బతికి ఇక్కడే, ఈ కిటికీ పక్కనే పోతాడు. చచ్చిపోయిన నాన్నని ఎవరూ విమానం ఎక్కించలేరు. ఆ సంగతి నాకు తెలియదా? కానీ ఆ వాక్యం కాగితం మీద పడితే సోమవారం సాయంత్రానికి అది లోకమంతా పాకుతుంది. బొబ్బిలిలో మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అక్కడి చర్చిలో ఆదివారం బడి గది గోడ మీద నాన్న పేరుతో రాయి ఉంది, ఆ రాయి కిందే ఆవిడ ప్రతివారం కూర్చుంటుంది. ముప్ఫై ఒక్క మంది అని ఎవరో ఆవిడకి చదివి వినిపిస్తారు. పిస్తోలు సంగతి ఎవరూ వినిపించరు.

నోరు తెరిచాను. నా ఇంగ్లీషు నాకే ఎవరిదోలా వినబడింది. ఆయనకేమీ గుర్తు లేదంటున్నాడు, మా నాన్న గురించి పాత కబుర్లు చెప్తున్నాడు, కేసుకి పనికొచ్చేవి కావు అన్నాను. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరా అని అడిగింది ఆవిడ. లేరన్నాను.

బాబాయ్‌కి ఇంగ్లీషు అర్థమవుతుంది. నా ముఖం వంక చూడకుండా కళ్ళు మూసుకున్నాడు. అది ఒప్పుకోవడమో, నా మీద అసహ్యమో నాకు తెలియలేదు. మిస్ హార్‌గ్రేవ్ నిట్టూర్చి, రాయడం మొదలుపెట్టింది. సాక్షికి తెలిసినంతవరకు వేరే ఎవరూ లేరు, అని పైకి చదువుతూ రాస్తోంది. ఆ వాక్యంతో బాబాయ్‌కి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను ఆపలేదు.

జెస్లిన్ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మిస్ హార్‌గ్రేవ్‌కి అర్థం కాకుండా, ఒక్కో మాటా వెతుక్కుంటూ, తెలుగులో అంది.

"అమ్మా, నువ్వు చెప్తావా? నేను చెప్పనా?"